పేరు చెబితే చాలు, పని తెలిసిపోతుంది

పేపరు వేసే కుర్రాడు సైకిలు దిగకుండానే పేపరును చుట్టచుట్టి ఇంటి ముందు వసారాలోకి గిరాటేశాడు. అమెరికన్ ఇంగ్లీషులో ఈ సంగతంతా చెప్పడానికి "పోర్చ్డ్ ద న్యూస్‌పేపర్" అంటే సరిపోతుంది. పోర్చ్ అంటే వాళ్ల ఇళ్ల ముందుండే వసారా. అది ఒక చోటు పేరు. ఎవరూ దాన్ని క్రియగా నేర్చుకోలేదు, బళ్లో ఎవరూ నేర్పలేదు. అయినా ఆ మాటను మొదటిసారి విన్నవాళ్లు కూడా తడుముకోరు. విసరడం, లోకి, పడటం అనే ముక్కలు వాక్యంలో ఎక్కడా లేవు. మాట్లాడినవాడు చోటు పేరు ఒక్కటే ఇచ్చి ఊరుకున్నాడు. మిగతా బొమ్మనంతా విన్నవాడే గీసుకున్నాడు.

ఈ పనితనం లోగుట్టు విప్పిన వ్యాసాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేయాలని చాలాకాలంగా నా కోరిక. దాని పేరు 'వెన్ నౌన్స్ సర్ఫేస్ యాజ్ వెర్బ్స్'. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పిన ఈవ్ క్లార్క్, అక్కడే మనస్తత్వశాస్త్రం చెప్పిన ఆమె భర్త హెర్బర్ట్ క్లార్క్ కలిసి రాశారు. అమెరికా భాషాశాస్త్ర సంఘం నడిపే 'లాంగ్వేజ్' పత్రికలో 1979లో అచ్చయింది. గూగుల్ పుట్టడానికి రెండు దశాబ్దాల ముందు రాసిన ఆ నలభై అయిదు పుటల్లో, గూగుల్ పేరు క్రియగా మారిన తీరుకు కావలసిన సరంజామా అంతా ఉంది. పసిపిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో ఏళ్ల తరబడి చెవి ఒగ్గి విన్న మనిషి ఆమె. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మనసులో మాట మరొకరికి ఎలా అందుతుందో పరిశోధించిన మనిషి ఆయన. ఈ రెండు చూపులూ కలిసిన చోటు ఇది.

వాళ్లు ముందు ఓపిగ్గా క్రియలు పోగేశారు. నామవాచకం నుంచి పుట్టిన ఇంగ్లీషు క్రియలు వెయ్యికి పైగా. పోగేయడానికి పెట్టుకున్న షరతులు చూస్తేనే చేయితిరిగిన పనివాళ్లని తెలుస్తుంది. మూలపదం చేత్తో ముట్టుకోదగ్గ వస్తువునో, కంటికి ఆనే దాన్నో చెప్పాలి. దానికి ముందుగానీ వెనకగానీ ప్రత్యయం తగలకూడదు, అంటే పేరు పేరుగానే ఉండి క్రియ కావాలి. చివరి హల్లు కొంచెం మెత్తబడితే మాత్రం ఒప్పుకున్నారు. 'షెల్ఫ్' క్రియ అయినప్పుడు 'షెల్వ్' అవుతుంది కదా, అలాంటివన్నమాట. వట్టి విశేషణంలా మాత్రమే వాడేవాటిని పక్కన పెట్టారు.

తర్వాత ఆ రాశిని విడదీశారు. అక్షరక్రమంలోనో, పదాల పుట్టుకను బట్టో విడదీసి ఉంటే మనకు ఒరిగేది ఏమీ ఉండేది కాదు. వాళ్లడిగిన ప్రశ్న ఒక్కటే: క్రియలో దాగిన ఆ వస్తువు, జరిగిన పనిలో ఏ పాత్ర పోషించింది? మంచం మీద దుప్పటి పరచడాన్ని 'బ్లాంకెట్ ద బెడ్' అంటారు. పుస్తకాలను అరలో పెట్టడాన్ని 'షెల్వ్ ద బుక్స్' అంటారు. పైకి రెండూ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. లోపలి సంగతి తలకిందులు. మొదటిదాంట్లో క్రియగా మారిన దుప్పటి కదిలింది, మంచం కదలలేదు. రెండోదాంట్లో క్రియగా మారిన అర ఉన్నచోటే ఉంది, పుస్తకాలు కదిలాయి. గుర్రానికి జీను కట్టడం 'సాడిల్', కుక్కను దాని గూట్లో పెట్టడం 'కెన్నెల్'. ఏది కదిలిందో చెప్పే గుర్తు వాక్యంలో ఎక్కడా లేదు. ఉన్నది మన లోకజ్ఞానంలో. జీనును తెచ్చి గుర్రం మీద వేస్తారనీ, గుర్రాన్ని మోసుకొచ్చి జీను కింద పెట్టరనీ అందరికీ తెలుసు. వ్యాకరణం ఆ తెలివిడి మీద నిశ్చింతగా చేరగిలబడింది.

'డస్ట్' అనే క్రియ ఈ నమ్మకాన్ని ఎంతదూరం లాక్కెళ్లగలదో చూపిస్తుంది. బల్లను 'డస్ట్' చేశారంటే దుమ్ము తుడిచేశారు. కేకును చక్కెర పొడితో 'డస్ట్' చేశారంటే పొడి చల్లారు. తీసేయడానికీ వేయడానికీ మాట ఒక్కటే. ఎవరూ పొరబడరు. 'సీడ్' అన్నా అంతే. పచ్చికబయలును 'సీడ్' చేస్తే గింజలు చల్లినట్టు, ద్రాక్షపళ్లను 'సీడ్' చేస్తే గింజలు తీసినట్టు. బల్ల మీద దుమ్ము ఉండకూడదనీ, ద్రాక్షలో గింజ పంటికి అడ్డమనీ ఎరిగిన మనిషే ఈ మాటలకు అర్థం చెప్పగలడు. అందుకే నిఘంటువు ఒక్కటే బట్టీపట్టినవాడికి ఇవి కొరుకుడుపడవు.

మిగతా తరగతులను త్వరగా చూసి ముందుకు వెళ్దాం. కాలం పేరు క్రియ అయితే ఆ కాలమంతా అక్కడ గడపడం, అంటే ఫ్రాన్సులో వేసవి గడిపితే 'సమర్డ్'. వృత్తి పేరు క్రియ అయితే ఆ వృత్తివాడు చేసే పని, 'బుచర్', 'నర్స్' లాంటివి. మాత్రను పొడి చేస్తే 'పౌడర్', ముక్కలు కలిపి బొంత కుడితే 'పీస్'. పనిముట్ల పేర్లతో పుట్టినవి కోకొల్లలు. 'నెయిల్', 'హామర్', 'బైసికిల్'. ఏ జాబితాలోనూ ఇమడనివాటికి కూడా ఒక మూల చోటిచ్చారు. అన్నీ కలిపి గోడకట్టినట్టు చక్కగా ఉన్నాయని బుకాయించలేదు.

వ్యాసానికి గుండెకాయ ఈ వర్గీకరణ తర్వాత వస్తుంది. ఎడ్, జో అనే ఇద్దరు స్నేహితులను ఊహించుకోమంటారు రచయితలు. వాళ్లిద్దరికీ తెలిసిన మాక్స్ అనేవాడికి ఒక వింత అలవాటుంది. మనుషుల వెనక చప్పుడు చేయకుండా చేరి, చేతిలోని టీపాట్‌తో వాళ్ల పిక్కల మీద రాస్తుంటాడు. ఒకరోజు ఎడ్ వచ్చి, మాక్స్ ఈసారి మరీ హద్దు దాటాడనీ, ఒక పోలీసును 'టీపాట్' చేయబోయాడనీ చెబుతాడు. జోకి చప్పున అర్థమవుతుంది. పక్కన నిలబడి విన్న మూడో మనిషికి బొత్తిగా అంతుపట్టదు. ఆ క్రియ అర్థం ఏ పుస్తకంలోనూ లేదు. ఎడ్‌కీ జోకీ మధ్య ఉన్న ఉమ్మడి ఎరుకలో ఉంది.

ఇక్కడినుంచి వాళ్లు సూత్రం చెబుతారు. నామవాచకాన్ని కొత్తగా క్రియ చేసి వాడేవాడు, వినేవాడితో ఒక ఒప్పందం మీద మాట్లాడుతున్నాడు: నీకూ నాకూ తెలిసినదాన్ని బట్టి, ఈ సందర్భంలో, నేను చెప్పిన పని ఏదో నువ్వు సులువుగా పోల్చుకోగలవు, అది ఒక్కటే అయి ఉంటుంది, రెండోది తట్టదు, ఆ పనిలో ఈ వస్తువుకు ఒక పాత్ర ఉంది, వాక్యంలోని మిగతావాళ్లకు మిగతా పాత్రలున్నాయి. ఇవన్నీ నెరవేరతాయని నమ్మడానికి మాట్లాడేవాడి దగ్గర తగిన కారణం ఉండాలి. నాకు ఇందులో ఎక్కువ నచ్చేది ఆ 'తగిన కారణం' షరతు. బాధ్యతనంతా మాట్లాడేవాడి నెత్తిన పెట్టింది అది. మూడో మనిషి దగ్గర 'టీపాట్' అన్న క్రియ వాడితే తప్పు విన్నవాడిది అవదు, అన్నవాడిదే.

దీనివల్ల భాషాశాస్త్రంలో ఒక పాత విభజన కదిలింది. 'బ్రహ్మచారి' లాంటి మాటకు స్థిరమైన అర్థం ఉంటుందనీ, 'అతను', 'ఇక్కడ' లాంటి మాటలు సందర్భాన్ని బట్టి వేరువేరు మనుషులనూ చోట్లనూ చూపినా వాటి అర్థం మాత్రం మారదనీ అనుకునేవారు. 'టీపాట్' ఈ రెంటిలోనూ ఇమడదు. అది చూపే వస్తువు మారడం కాదు, అర్థమే సందర్భంలో పుడుతోంది. అలా పుట్టే అర్థాలకు అంతు లేదు. నిఘంటువు ఎంత లావెక్కినా వీటిని ముందుగా రాసిపెట్టలేదు.

ఇంత స్వేచ్ఛ ఉన్నచోట అడ్డుగోడలు కూడా ఉంటాయి. వాటి మీద క్లార్కులు చేసిన పని ఇంకా ముచ్చటైనది. ఫ్రాన్సులో వేసవి గడిపితే 'సమర్డ్', చలికాలం గడిపితే 'వింటర్డ్'. మరి వసంతం గడిపితే? 'స్ప్రింగ్డ్' అని ఎవరూ అనరు. శరత్తును 'ఆటమ్' అంటే క్రియ అవుతుంది కానీ, అమెరికన్లు వాడే 'ఫాల్' అంటే కాదు. కారణం తెలిశాక ఇంత తేలికా అనిపిస్తుంది. 'స్ప్రింగ్' అంటే దూకడం, 'ఫాల్' అంటే పడటం అనే క్రియలు ముందే ఆ గడప తొక్కి కూర్చున్నాయి. అదే చప్పుడుతో మరొకటి లోపలికి రాలేదు. ఇది ఒక రకం అడ్డు. రెండోది అర్థం వైపు నుంచి. ఊళ్లోకి కారులో వెళ్లడానికి 'డ్రైవ్' ఉంది, కాబట్టి 'కార్' క్రియ కాలేకపోయింది. సైకిలుకు అలాంటి పోటీ లేదు, అందుకే 'బైసికిల్' అయింది. మూడోది వంశం వైపు నుంచి. 'బేకర్' అనే పేరే 'బేక్' అనే క్రియ నుంచి పుట్టింది, దాన్ని మళ్లీ తిప్పి క్రియ చేస్తే తల్లి చోటే అడిగినట్టు.

ఈ అడ్డుల సంగతి పెద్దలకు తెలుసు, పిల్లలకు ఇంకా తెలియదు. అందుకే పిల్లల నోట పుట్టే క్రియలు ఈవ్ క్లార్క్‌కు గని అయ్యాయి. గది ఊడవొద్దని అమ్మకు చెప్పడానికి 'బ్రూమ్' అంటే చీపురునే క్రియ చేసిన పిల్లవాడు, జున్నును తూచమని అడగడానికి 'స్కేల్' అంటే త్రాసునే క్రియ చేసిన పిల్లవాడు ఆమె రాతల్లో కనిపిస్తారు. మూడేళ్లు కూడా నిండనివాళ్లు. వాళ్లకు సూత్రం సంపూర్ణంగా పట్టుబడింది. 'స్వీప్', 'వే' అనే పాత కాపులు ఆ చోట్లలో ఉన్నాయన్న సంగతి మాత్రమే అందలేదు. పిల్లవాడి తప్పులో ఉన్న సక్రమత్వాన్ని ఇంత ఆదరంగా చూసిన శాస్త్రజ్ఞులు తక్కువ.

ఇంగ్లీషుకు ఈ సౌలభ్యం ఎలా అబ్బింది? వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ప్రేమ అనే పేరు 'లుఫు', ప్రేమించడం అనే క్రియ 'లుఫియన్'. చివరలు వేరు. తర్వాతి శతాబ్దాల్లో ఆ చివరలు అరిగి రాలిపోయి రెండూ 'లవ్'గా మిగిలాయి. ఒకసారి తలుపు తెరుచుకున్నాక ఏ పేరైనా అటునుంచి ఇటు రావచ్చు. షేక్‌స్పియర్ 'అంకుల్' అనే మాటను కూడా క్రియగా వాడాడు. నచ్చనివాళ్లూ ఉన్నారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 డిసెంబరులో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కు రాసిన ఉత్తరంలో, తాను ఫ్రాన్సులో ఉండగా పుట్టుకొచ్చిన ఇలాంటి క్రియల మీద ఫిర్యాదు చేశాడు. వాటిలో 'నోటీస్', 'అడ్వొకేట్', 'ప్రోగ్రెస్' ఉన్నాయి. ఇవాళ ఆ మూడూ లేకుండా ఇంగ్లీషు పత్రిక ఒక్క రోజు నడవదు.

మన సంప్రదాయంలో ఇలాంటివాటిని నామధాతువులంటారు. సంస్కృతంలో పేరుకు సాధారణంగా ఏదో ఒక ప్రత్యయం చేరాలి. 'పుత్రీయతి' అంటే కొడుకు కావాలని కోరుకుంటున్నాడనీ అర్థం, కొడుకులా చూసుకుంటున్నాడనీ అర్థం. అయితే పాణిని సూత్రాల మీద వచ్చిన ఒక వార్తికం ఇంకా ముందుకెళ్లి, ఏ ప్రాతిపదికకైనా 'క్విప్' అనే ప్రత్యయం చేర్చవచ్చంటుంది. ఆ క్విప్ చేరిన వెంటనే పూర్తిగా మాయమవుతుంది, అక్షరం కూడా మిగలదు. కృష్ణుడిలా ప్రవర్తిస్తున్నాడనడానికి 'కృష్ణతి' అంటే చాలు. ఆధునికులు శూన్య ప్రత్యయం అంటున్నదాన్ని మనవాళ్లు పేరుపెట్టి మరీ లెక్కలో వేసుకున్నారు. తెలుగు మాత్రం పేరును ఒంటరిగా పంపదు. సంస్కృత పదమైతే 'ఇంచు' తోడిచ్చి ప్రేమించు, వర్ణించు అంటుంది. వేరే భాష మాటైతే చేయు, కొట్టు, తీయు అనే క్రియల్లో ఒకదాన్ని పక్కన కూర్చోబెడుతుంది.

'కృష్ణతి'కి క్లార్కుల వ్యాసంలో తోబుట్టువు లాంటి మాట ఉంది. తాళం వేసిన అల్మారాలోంచి ఒకామె ఎలాగో బయటపడిందనడానికి 'హుడినీ' అనే పేరును క్రియ చేస్తారు. హ్యారీ హుడినీ సంకెళ్లు, పెట్టెలు, నీటితొట్లు తప్పించుకుని బయటపడే ఇంద్రజాలికుడు. మనిషి పేరుకు నిఘంటువు అర్థం ఉండదు. ఆ మనిషి బతుకులో ఏ ఘట్టం లోకానికి ఎక్కువ తెలుసో, ఆ ఘట్టమే క్రియకు అర్థమవుతుంది. హుడినీ 1926లో చనిపోయాడనో, బుడాపెస్టులో పుట్టాడనో ఎన్ని సంగతులున్నా అవేవీ క్రియలోకి రావు.

ఘట్టాన్ని జనం మరిచిపోయి క్రియ మాత్రం మిగిలితే? అది బాయ్‌కాట్ కథ. ఐర్లండ్‌లోని మేయో జిల్లాలో లాక్ మాస్క్ సరస్సు దగ్గర, ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా ఉండేవాడు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోయాడు. ఊరు ఊరంతా అతన్ని వెలివేసింది. కూలీలు పొలం దిగలేదు, దుకాణాలు సరుకు అమ్మలేదు. పంట కోయడానికి ఉత్తరం నుంచి యాభైమంది దాకా మనుషులను రప్పిస్తే, వాళ్ల కాపలాకు సుమారు వెయ్యిమంది సైనికులు, పోలీసులు కావలసి వచ్చారు. ఆ ఊరి మతగురువు ఫాదర్ జాన్ ఓమాలీ, ఇలాంటి వెలికి ఇంగ్లీషులో ఉన్న పండిత పదం రైతుల నోట తిరగదని, ఆ కెప్టెన్ పేరునే క్రియ చేద్దామని అన్నాడట. ఈ సంగతి అమెరికన్ విలేఖరి జేమ్స్ రెడ్‌పాత్ రాసి ఉంచాడు. అదే ఏడాది నవంబరు నాటికి మాట లండన్ పత్రికలకెక్కింది. ఆ తర్వాత ఫ్రెంచికి, జర్మన్‌కు, రష్యన్‌కు పాకింది. బెంగాల్ విభజన తర్వాత స్వదేశీ ఉద్యమంతో మన దేశంలోనూ ఇంటింటి మాట అయింది. ఒక కెప్టెన్ అందులో ఉన్నాడని తెలియకుండానే 'బాయ్‌కాట్ చేయండి' అంటాం. క్లార్కులు క్రియ వయసును దశలుగా చెబుతూ చివర ఇలాంటి దశనే పెట్టారు: తల్లి పేరు ఎవరికీ గుర్తులేదు, బిడ్డ నిక్షేపంగా ఉంది.

కంపెనీ పేర్ల విషయానికి ఇప్పుడొస్తాను. వాటికి హుడినీ దశకూ బాయ్‌కాట్ దశకూ మధ్యలో ఎక్కడ ఉండాలన్నదే సమస్య. ఇల్లు యంత్రంతో ఊడవడాన్ని బ్రిటన్‌లో 'హూవర్' అంటారు. అది ఒహాయోలో పుట్టిన అమెరికన్ కంపెనీ పేరు. విచిత్రం, అమెరికాలో మాత్రం 'వాక్యూమ్' అనే మాటే క్రియగా స్థిరపడింది. ఒక చోట ఒక మాట ముందు కూర్చుంటే రెండోదానికి చోటుండదన్న సూత్రం ఇక్కడ సముద్రానికి అటూ ఇటూ చెరో రకంగా పనిచేసింది. జెరాక్స్ కంపెనీ 1959లో 914 అనే యంత్రం తెచ్చింది. ఆ పేరు క్రియ కావడం చూసి బెంబేలెత్తి, దయచేసి మా పేరును క్రియగా వాడొద్దని ప్రకటనలిచ్చింది. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ తన నియమాల్లో, వ్యాపార చిహ్నాలు క్రియలు కావని రాసుకుంది. ఇలాంటి విన్నపాలు ఎవరి నోటినీ ఆపలేదు.

ఎందుకు ఆపలేవో చూపించే పరీక్ష ఒకటుంది. దాన్ని ఇచ్చినవాడు పాల్ కిపార్స్కీ. ఈయనా స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడే, పాణిని మీద జీవితకాలం పనిచేసిన పండితుడు. ఆయన రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాడు. ఒకడు తన చెప్పుతో బల్లను 'హామర్' చేశాడు. ఇది చక్కని ఇంగ్లీషు. సుత్తి లేకపోయినా ఫర్వాలేదు, సుత్తితో కొట్టినట్టు కొట్టాడు. ఇంకొకడు గుండుసూదులతో బొమ్మను గోడకు 'టేప్' చేశాడు. ఇది చెల్లదు. టేపు లేకుండా 'టేప్' చేయడం కుదరదు. రెండూ పనిముట్ల పేర్లే, రెండూ క్రియలే. మొదటిదాంట్లో క్రియ వస్తువు చెయ్యి విడిచి సొంతంగా నడుస్తోంది. రెండోదాంట్లో ఇంకా పట్టుకునే ఉంది. క్లార్కుల జాబితాలో ఒకే గదిలో కూర్చున్న మాటలను ఈ చిన్న పరీక్ష రెండు గదులు చేసింది. ఆ వ్యాసాన్ని ఎంత మెచ్చుకున్నా, ఈ చీలికను అది చూడలేదని ఒప్పుకోవాలి.

'గూగుల్'ను ఈ పరీక్షకు పెట్టి చూడండి. సంస్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ 1998లోనే దాన్ని క్రియగా రాశాడు. అమెరికన్ డైలెక్ట్ సొసైటీ 2002 సంవత్సరానికి దాన్ని అన్నిటికంటే ఉపయోగకరమైన మాటగా ఎంచింది. 2006లో ఆక్స్‌ఫర్డ్, మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులు రెండూ చేర్చుకున్నాయి. మెరియమ్-వెబ్‌స్టర్ అర్థం చెబుతూ గూగుల్ యంత్రం వాడి సమాచారం వెతకడం అని జాగ్రత్తగా రాసింది. అంటే 'టేప్' గదిలో పెట్టింది. జనం మాత్రం వేరే యంత్రంలో వెతుకుతూ కూడా 'గూగుల్' చేస్తున్నామనే అంటారు. వాళ్లు దాన్ని 'హామర్' గదిలోకి ఎప్పుడో మార్చేశారు.

ఈ తగాదా నిజంగానే కోర్టుకెక్కింది. 2012లో ఒకాయన గూగుల్ అనే మాట కలిసిన 763 వెబ్ చిరునామాలు కొన్నాడు. కంపెనీ అభ్యంతరం చెప్పి వాటిని పోగొట్టించింది. దాని మీద వ్యాజ్యం వేసి, ఈ మాట అంతర్జాలంలో వెతకడమనే మామూలు క్రియ అయిపోయింది కాబట్టి కంపెనీకి దాని మీద హక్కు లేదని వాదించారు. ఏదో ఒక యంత్రమని అనుకుని వాడటం, గూగుల్‌నే మనసులో పెట్టుకుని వాడటం అని క్రియ వాడకాన్ని రెండుగా విడదీసి కోర్టులో చర్చ నడిచింది. న్యాయవాదులకు కిపార్స్కీ తెలియకపోవచ్చు, అడిగిన ప్రశ్న మాత్రం అక్షరాలా అదే. 2017 మే నెలలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. క్రియగా ఎలా వాడినా, వెతికే యంత్రాలన్నిటికీ అది సాధారణ నామం అయిందని రుజువు కాదంది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే విచారణకు నిరాకరించింది.

న్యాయశాస్త్రం సంగతి అటుంచి, భాష దృష్టితో చూసినా ఆ తీర్పు సరైనదే. చెప్పుతో బల్లను 'హామర్' చేయవచ్చు, అంతమాత్రాన చెప్పును ఎవరూ సుత్తి అనరు. క్రియ వస్తువు చెయ్యి విడిచినా, నామవాచకం ఆ వస్తువునే పట్టుకుని ఉంటుంది. 'గూగుల్ చేశాను' అని ఏ యంత్రం గురించైనా అనేవాళ్లు, తమ ముందున్న వేరే కంపెనీ యంత్రాన్ని చూపించి 'ఇదొక గూగుల్' అనరు. మన జెరాక్స్ దీనికి సరిగ్గా ఎదురు. తెలుగులో ఆ మాట క్రియ కాలేదు, 'తీయించు' అనే తోడు లేకుండా అడుగు వేయదు. కరిగిపోయింది పేరే. ఏ కంపెనీ యంత్రమైనా జెరాక్స్ మెషీనే, ఏ నకలైనా జెరాక్సే, ఆ దుకాణం జెరాక్స్ షాపే. ఒకే రకం మాటలు ఒక భాషలో క్రియ వైపూ ఇంకో భాషలో పేరు వైపూ అరగడం గమనించదగ్గ సంగతి.

కంపెనీ పేరు క్రియ అయినప్పుడు ఇంకో పని కూడా నిశ్శబ్దంగా జరుగుతుంది. కొత్త మాట తనకు దగ్గరి పాత క్రియ ఎవరో వెతుక్కుని, దాని వాక్యనిర్మాణాన్ని తొడుక్కుంటుంది. ఇంటికి 'ఊబర్' చేయడం 'బైసికిల్' చేయడంలా నడుస్తుంది. కాగితాలను ఎవరికో 'ఫెడెక్స్' చేయడం తపాలాలో పంపడంలా నడుస్తుంది. అమెరికాలో డబ్బు పంపే 'వెన్మో', ఇవ్వడం అనే క్రియలా ఎవరికి, ఎంత అని రెంటినీ వెంట తీసుకుంటుంది. 'గూగుల్' చేసేది మనిషినీ కావచ్చు, ఊరినీ కావచ్చు, జబ్బునూ కావచ్చు. అడిగిన ప్రతిదీ దాని కర్మ. వీటికి వాక్యం ఎలా కట్టాలో ఎవరూ పాఠం చెప్పలేదు. వినేవాడు పాత్రలు పోల్చుకుంటాడన్న క్లార్కుల ఒప్పందంలోనే ఆ పాఠం ఇమిడి ఉంది.

భూతకాలం దగ్గర కూడా ఇలాంటి నేర్పే కనిపిస్తుంది. బేస్‌బాల్‌లో గాల్లోకి లేచిన బంతిని 'ఫ్లై' అంటారు. ఆ బంతి పట్టుబడి అవుటైన ఆటగాడి గురించి వ్యాఖ్యాతలు 'ఫ్లూ అవుట్' అనరు, 'ఫ్లైడ్ అవుట్' అంటారు. ఎగరడానికి భూతకాలం 'ఫ్లూ' అని తెలియక అలా అనలేదు. కిమ్, పింకర్, ప్రిన్స్, ప్రసాద అనే నలుగురు 1991లో దీన్ని పరిశోధించి, పేరు మీదుగా వచ్చిన క్రియ పాత క్రియ వంకరలను వారసత్వంగా తీసుకోదని చూపించారు. మధ్యలో ఒకసారి పేరుగా మారినందువల్ల ఆ బంధుత్వం తెగిపోతుంది. బళ్లో వ్యాకరణం వంటబట్టనివాడు కూడా ఈ తేడా పాటిస్తాడు.

మైక్రోసాఫ్ట్ 2009లో బింగ్ అనే వెతికే యంత్రాన్ని తెచ్చినప్పుడు, ఆ పేరు క్రియ కాగలదన్న ఆశ అప్పటి కంపెనీ అధిపతి స్టీవ్ బామర్ పైకే చెప్పాడు. పేరు పొట్టిది, నోటికి సులువు, డబ్బుకు లోటు లేదు. అయినా కాలేదు. పక్కనే 'గూగుల్' కూర్చుని ఉన్నంతకాలం, ముప్ఫై ఏళ్ల ముందు క్లార్కులు చెప్పినట్టు, అదే అర్థానికి రెండో మాట లోపలికి రాదు. క్రియలు ప్రకటనలతో పుట్టవు, ఖాళీ చోటు చూసుకుని పుడతాయి. నగదు లేకుండా డబ్బు పంపడం మొదలైనప్పుడు తెలుగులో అలాంటి ఖాళీ ఒకటి ఏర్పడింది. 'నాకు మూడొందలు ఫోన్‌పే చెయ్యి' అన్న వాక్యంలో ఎవరికి, ఎంత అన్నవి 'ఇవ్వు' అనే క్రియ దగ్గర నేర్చుకున్న చోట్లలోనే కూర్చున్నాయి. తోడుకు 'చెయ్యి' యథాప్రకారం ఉంది. కిపార్స్కీ పరీక్ష కూడా కూరగాయల బండి దగ్గరే జరిగిపోతోంది: ఫోన్‌పే చేస్తానని చెప్పి, వేరే యాప్ తెరిచి కట్టేవాళ్లను ఎవరూ ఆపి అడగరు.